అతికించిన రెప్ప వెంట్రుకలు ఎన్నాళ్ళు ఉంటాయి? మంచి పనిని ఎట్లా గుర్తు పట్టాలి?

పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడితే మన పేటల్లో పార్లర్ల ముందు చెప్పుల వరుస పెరుగుతుంది. మెహందీ, ఫేషియల్ అయిపోయాక ఇప్పుడు కొత్తగా అడిగేది లాష్ ఎక్స్‌టెన్షన్. అంటే మన సొంత రెప్ప వెంట్రుకకు ఇంకో సన్నటి వెంట్రుకను జిగురుతో అతికించడం. "అక్కా, ఎన్నాళ్ళుంటయి?" అని అమ్మాయిలు అడుగుతారు. "నెల పక్కా" అని ఒకరు, "రెండు నెలల దాక ఢోకా లేదు" అని ఇంకొకరు చెప్తారు. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తల్లి, భివండిలో సాంచా నడిపే తండ్రి వారం కూలిలోంచి తీసి ఇచ్చే పైసలవి. పైసలు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కన్ను అట్లా కాదు. అందుకే ఈ పని సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

ఇది కూడా దారమే

పార్లర్‌లో మింక్ అంటారు, సిల్క్ అంటారు. పేర్లు విని జంతువు బొచ్చో, పట్టుదారమో అనుకోవద్దు. ఎక్కువ భాగం పాలిస్టర్ జాతి సింథటిక్ పోగులే. ఒకటి కొంచెం మెరుస్తుంది, ఇంకొకటి మెత్తగా నల్లగా ఉంటుంది, తేడా అంతే. ఒక్కొక్క వెంట్రుకకు ఒక్కటే అతికించే పద్ధతిని క్లాసిక్ అంటారు. అందులో సాధారణంగా 0.15 మిల్లీమీటర్ల మందం ఉన్నవి వాడతారు. ఒక్క వెంట్రుక మీద మూడు నాలుగు పోగుల చిన్న కుచ్చు పెట్టేది వాల్యూమ్. దానికి ఇంకా సన్నటివి, 0.05 లేదా 0.07 మిల్లీమీటర్లవి కావాలి. లావు పోగులను కుచ్చుగా పెడితే సొంత వెంట్రుక ఆ బరువు మోయలేదు.

అతికే పద్ధతి మన మగ్గం ఇండ్లలో అర్థం కానిది కాదు. బీము మారినప్పుడు పాత పోగుకు కొత్త పోగు ఒక్కొక్కటే అతుకుతాం. రెండు పోగులు కలిసి అతుక్కుంటే ఏమవుతుంది? ఒకటి లాగుతుంది, ఇంకొకటి తెగుతుంది. రెప్ప మీదా అదే లెక్క. పక్కపక్కనున్న రెండు వెంట్రుకలు ఒకే వేగంతో పెరగవు. వాటిని కలిపి అంటిస్తే పెరిగేది పెరగనిదాన్ని కుదురుతో సహా లాగుతుంది.

అసలు లెక్క: రెండు మూడు వారాలు

పై రెప్పకు సుమారు 90 నుంచి 150 దాకా వెంట్రుకలు ఉంటాయి. తల వెంట్రుకల లాగే ఇవీ పుడతాయి, పెరుగుతాయి, రాలుతాయి, మళ్ళీ మొలుస్తాయి. ఏమీ అతికించుకోకపోయినా రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా రాలడం మామూలే. సొంత వెంట్రుక రాలినప్పుడు దానికి అతికించినదీ దాంతోపాటే పోతుంది. జిగురు ఎంత మంచిదైనా దీన్ని ఆపలేదు.

అందుకే రెండు మూడు వారాలకు మూడో వంతు నుంచి సగం దాకా పోయి రెప్ప అక్కడక్కడ పలచబడుతుంది. అప్పుడు ఖాళీలు నింపించుకోవడాన్ని రీఫిల్ అంటారు. దానికి మళ్ళీ పైసలు కావాలి. నింపించుకోకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాదాపు అన్నీ వాటంతట అవే రాలిపోతాయి. "రెండు నెలలు నిండుగా ఉంటయి" అని ఎవరన్నా చెప్తే నమ్మవద్దు. మొదటిసారి పైసలు కట్టేముందే రీఫిల్‌కు ఎంత, తీసేయడానికి ఎంత అని అడగండి. మొత్తం ఖర్చు అప్పుడే తెలుస్తుంది.

కూర్చునే ముందు చూడాల్సినవి

ఒకటి, ఒకటి రెండు రోజుల ముందు జిగురు పడుతుందో లేదో పరీక్ష చేయాలి. ఈ జిగురు సైనోఅక్రిలేట్ జాతిది, ఇంట్లో విరిగినవి అతికించే ఫెవిక్విక్ లాంటి జిగుర్ల కుటుంబమే. రెప్పలకని తయారు చేసినది వేరు, అంగట్లో గట్టి వస్తువులకు అమ్మేది వేరు. అంగడి జిగురును కంటి దగ్గరికి రానీయవద్దు. సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమని అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

రెండు, పని చేసే అమ్మాయి చేతులు కడుక్కుందా, పట్టకార్లు శుభ్రం చేసిందా, కొత్త బ్రష్షు తీసిందా చూడండి. గదిలో వెలుతురు, గాలి రెండూ ఉండాలి.

మూడు, కండ్ల కలక ఉన్నా, రెప్ప మీద కురుపు లేచినా, ఈ మధ్య కంటి ఆపరేషన్ అయినా ఈ పని వాయిదా వేయండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసి కూర్చోవాలి.

మంచి పని గుర్తులు

మొదటి గుర్తు సమయం. రెండు కండ్లకు ఒక్కొక్కటిగా అతికించాలంటే గంటన్నర నుంచి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అరగంటలో అయిపోయిందంటే ఒక్కొక్కటి కాదు, గుత్తులు గుత్తులుగా అంటించినట్టే.

పని జరుగుతున్నంతసేపూ కండ్లు మూసే ఉండాలి. కింది రెప్ప వెంట్రుకల మీద మెత్తటి ప్యాడ్ పెట్టాలి. మంట పుట్టకూడదు. "కొంచెం మండుతది, ఓర్చుకో" అనే మాట సరైనది కాదు. మండుతుంటే వెంటనే చెప్పండి, పని ఆపించండి.

లేచాక అద్దం తీసుకుని వెలుతురులో చూసుకోండి. అతికించినది చర్మానికి తగలకుండా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎడం ఉండాలి. జిగురు చర్మం మీదికి పోతే దురద, వాపు వస్తాయి. చిన్న బ్రష్షుతో దువ్వితే మొదలు నుంచి కొస దాకా అడ్డం లేకుండా పోవాలి. ఎక్కడన్నా ఆగిందంటే అక్కడ రెండు మూడు కలిసి అతుక్కున్నాయి. తెల్లటి జిగురు బొట్లు కనపడకూడదు. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండాలి. కన్ను మూసినా తెరిచినా గుచ్చుకోకూడదు, బరువు తెలియకూడదు. కొంచెం ఎరుపు ఉంటే కొన్ని గంటల్లో పోవాలి, మర్నాటికి ఉండకూడదు.

రాలిన వాటిని కూడా చూడండి. అతికించినదానితో ఒక్క సొంత వెంట్రుక వస్తే అది మామూలే. ఒక్క గుత్తితో రెండు మూడు సొంత వెంట్రుకలు ఊడి వస్తే పని చెడ్డది. రెండు మూడు రోజుల్లోనే సొంత వెంట్రుక లేకుండా చాలా ఊడితే జిగురు పట్టలేదని అర్థం. అప్పుడు పోయి అడిగే హక్కు మీకుంది. మంచి పార్లర్ వాళ్ళు కాదనరు.

మన ఇండ్లలో, మన పనుల్లో

మొదటి రోజు నీళ్ళు, ఆవిరి తగలనీయవద్దని చెప్తారు. ఆ తర్వాత మాత్రం రోజూ కడగాలి. "నీళ్ళు తగిలితే ఊడుతయి" అని వారాల తరబడి కడగని వాళ్ళున్నారు. రెప్ప మొదట్లో జిడ్డు, మురికి చేరి రెప్ప వాచేది అట్లాగే. సాంచాల షెడ్డులో ఎగిరే దూది పీచు, బీడీ చేటలోంచి లేచే తంబాకు పొడి ఈ వెంట్రుకల్లో మామూలు కంటే ఎక్కువ చిక్కుకుంటాయి. పనిలోంచి లేచాక ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, రెప్పలకు వాడే నూనె లేని నురగతో మెల్లగా కడిగి, తడి అద్దుకోండి. తంబాకు చేతితో కన్ను నలిపితే ఉత్తప్పుడే మంట, అతికించుకున్నాక ఇంకా ఎక్కువ.

నూనె జిగురును వదులు చేస్తుంది. ఆముదం, నెయ్యి కలిపిన ఇంటి కాటుక, తలంటు నూనె, నూనెతో మేకప్ తీయడం, అన్నీ దూరం పెట్టాలి. బోర్లా పడుకోవద్దు. పొయ్యి మంట మీదికి వంగితే సింథటిక్ పోగు కొసలు ముడుచుకుపోతాయి.

పెళ్ళికూతురికి ఇది ఇంకా చిక్కు. నలుగు పెడతారు, మంగళస్నానం చేయిస్తారు, హోమం పొగ ఉంటుంది, అప్పగింతల ఏడుపు ఉంటుంది. వారం ముందు జిగురు పరీక్ష, రెండు రోజుల ముందు పని అనుకుంటే, నలుగు నూనె కండ్ల దగ్గరికి రాకుండా అత్తలకు, వదినలకు ముందే చెప్పి పెట్టండి. కన్నీళ్ళు తుడవవద్దు, అద్దండి. ఒక్క రోజు ఫొటోల కోసమే అయితే, రాత్రికి తీసేసే పట్టీ రెప్పలు చాలు. ఖర్చు చాలా తక్కువ, సొంత వెంట్రుకకు భారం ఒక్క పూటే.

తేడా వస్తే

రెప్పలు ఉబ్బి దురద పెడితే అది జిగురు పడకపోవడం. ఇంతకు ముందు నాలుగుసార్లు పడినా ఐదోసారి పడకపోవచ్చు. ఇంట్లో గుంజి పీకవద్దు, సొంత వెంట్రుకలు కుదుళ్ళతో వస్తాయి. పార్లర్‌లో తీసే మందుతో మెత్తబరిచి తీయించుకోవాలి. జిగురు కంట్లో పడితే శుభ్రమైన నీళ్ళతో బాగా కడగండి. రెప్పలు అతుక్కుంటే బలవంతంగా విడదీయకుండా వెంటనే దవాఖానకు పోండి. నొప్పి, చూపు మసక, వెలుతురు చూడలేకపోవడం, చీము, వీటిలో ఏది కనిపించినా అదే రోజు కండ్ల డాక్టరుకు చూపించాలి. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది, డాక్టరు చెప్పకుండా వాడితే కంటికే చేటు.

ఈ పని నేర్చుకుని ముందరి గదిలో పార్లర్ పెట్టుకున్న మన ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళకూ ఒక మాట. జిగురు ఆవిరి రోజంతా పీల్చేది మీరే. కిటికీ తెరవండి, ఫ్యాను గాలి బయటికి పోయేటట్టు పెట్టుకోండి, మాస్క్ వేసుకోండి. రోజుకు ఎన్ని చేశామని కాక, చేసినవి ఎట్లా నిలిచాయని చూడండి. పక్క గల్లీ పిల్ల కన్ను వాస్తే పేట మొత్తానికి ఒక్క రోజులో తెలుస్తుంది. అంటించమని వచ్చినవాళ్ళతో "ఈసారి వద్దు, నీ వెంట్రుకలు బలహీనంగా ఉన్నయి, రెండు మూడు నెలలు ఆగి రా" అని చెప్పగలిగితే, ఆ రోజు బేరం పోయినా ఆ మనిషి మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది.