ఆగిన స్క్రిప్టు, సున్నాగా మారిన వర్షం

కాప్రాలోని ఇంటి నుండి ఒక పరిశోధక విద్యార్థి, నగరానికి మరో వైపున రాజేంద్రనగర్‌లో ఉన్న లినక్స్ సర్వర్‌కు అనుసంధానమై, వర్షపాత వివరాలు సేకరించే స్క్రిప్టును రాత్రి ప్రారంభించినట్లు ఊహించవచ్చు. తెల్లవారేసరికి స్క్రిప్టు ఆగిపోయింది. పట్టికలో కాప్రా, ఉప్పల్ మండలాల గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడికి ‘కొలత లేదు’ అని అర్థం. విశ్లేషణలో దానిని సున్నాగా గ్రహిస్తే పంట నమూనా లేని బెట్టను చూపుతుంది. మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలో అనవసరమైన నీటితడి చోటు చేసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఆకు పసుపుబారిందన్నంత మాత్రాన అది నత్రజని లోపమో, ఇనుపధాతు లోపమో తేలదు. ‘స్క్రిప్టు ఆగింది’ అన్న మాట కూడా అటువంటిదే. ముందుగా పీఎస్ ఆదేశంతో ప్రాసెస్ స్థితిని చూడాలి. అక్కడ ‘టి’ అక్షరం కనిపిస్తే స్క్రిప్టు చనిపోలేదు, నిలిచి ఉంది. నేపథ్యంలో ఉంటూ కీబోర్డు నుండి సమాధానం కోరిన ప్రాసెస్‌ను లినక్స్ ఇలాగే నిలుపుతుంది.

ప్రాసెస్ అసలే లేకుంటే దాని నిష్క్రమణ సంఖ్యను పరిశీలించాలి. సిగ్నల్ వల్ల ముగిసిన ప్రాసెస్‌కు షెల్ 128కి ఆ సిగ్నల్ సంఖ్యను కలిపి చూపుతుంది. 129 అయితే టెర్మినల్ సంబంధం తెగింది. 143 అయితే ముగించమన్న ఆదేశం అందింది. 137 అయితే తొమ్మిదవ సిగ్నల్‌తో బలవంతంగా ముగించబడింది. మెమరీ చాలక కెర్నెల్ ఆ పని చేసి ఉంటే జర్నల్‌సీటీఎల్‌లోని కెర్నెల్ సందేశాలలో ఆ విషయం నమోదై ఉంటుంది. అయితే లాగిన్ షెల్ కూడా పోతే ఈ సంఖ్య దొరకదు. అందుకే దీర్ఘకాలం నడిచే పనిని సిస్టమ్‌డీ సర్వీసుగా నడపడం మేలు; ఎలా ముగిసిందో అది నమోదు చేస్తుంది.

నోహప్‌పై విద్యార్థులు ఉంచే నమ్మకం దాని శక్తికి మించినది. అది తెగిన సంబంధం నుండి కాపాడుతుంది గాని, మెమరీ కొరత నుండి కాదు. 2016లో వచ్చిన సిస్టమ్‌డీ 230 నుండి, లాగౌట్ కాగానే వినియోగదారుని ప్రాసెస్‌లను ముగించే అమరిక మూలరూపంలో అమలులో ఉంది; పలు పంపిణీలు దానిని నిలిపివేశాయి. ఆ అమరిక ఉన్నచోట నోహప్ పనిచేయదు, లింగర్ అనుమతి కావాలి. కారణం తేలకముందే స్వయంచాలక పునఃప్రారంభాన్ని అమర్చడం తెగులు గుర్తించకుండా మందు చల్లడమే.

క్రాన్‌కు అప్పగించిన పనిలో గడియారాన్నీ చూడాలి. వర్షపాత దినం మన కాలమానం ప్రకారం ఉదయం 8.30కు ముగుస్తుంది, యూటీసీలో నడిచే సర్వర్‌కు అది 3.00 గంటలు. స్క్రిప్టు ఆగిన కాలానికి గడిలో సున్నా కాక, ‘ఎన్ఏ’ అని నమోదు చేయాలి.