కొమ్మలు, రెమ్మల వ్యర్థం – చిప్పర్ యంత్రం: ప్రాంగణ నిర్వహణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కళాశాలల, విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో చెట్లు కత్తిరించినప్పుడు మిగిలే కొమ్మలను తునకలు చేసే చిప్పర్ యంత్రం పనితీరును, ఆ తునకలు నేలను చేరిన తరువాత జరిగే మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. కొనేవారు లేక తగులబడుతున్న సన్న రెమ్మలలోనే నేలకు కావలసిన సారం ఎక్కువగా ఉన్నదనేది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: చిప్పర్, కొమ్మల వ్యర్థం, ఆచ్ఛాదన, కార్బన్–నత్రజని నిష్పత్తి, కంపోస్టు, యంత్ర భద్రత.

1. ఉపోద్ఘాతం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. రహదారుల వెంట, కొండవాలులలో, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చెట్లు పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. చెట్టు కూలినప్పుడు దాని భాగాలకు పట్టే గతి ఒకటే కాదు. మొద్దును కలప వ్యాపారి కొంటాడు. లావు కొమ్మ వంటచెరకుగానో, ఇటుక బట్టీకో పోతుంది. చిటారు కొమ్మలకు, రెమ్మలకు, ఆకులకు మాత్రం కొనేవారుండరు. తుపాను రాని సంవత్సరాలలోనూ ఇదే క్రమం చిన్నస్థాయిలో నడుస్తూనే ఉంటుంది. వానాకాలానికి ముందు విద్యుత్ తీగల కింద కొట్టిన కొమ్మలు రోజుల తరబడి రోడ్డు పక్కన పడి ఉంటాయి. కళాశాల తోటలో కత్తిరించినవి ప్రహరీగోడ మూలకు చేరి, ఎండిన తరువాత నిప్పుకు ఆహుతి అవుతాయి.

ఇలా తగులబెట్టడం చట్టసమ్మతం కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తోట వ్యర్థాన్ని సొంత ఆవరణలోనే విడిగా నిల్వచేసి, స్థానిక సంస్థ సూచించిన రీతిలో వదిలించుకోవాలని నిర్దేశించాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్, వ్యర్థాలను బహిరంగంగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చినవారికి 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా విధించాలని ఆదేశించింది. అయినా ప్రాంగణాలలో పొగ ఆగలేదు. దీనికి సిబ్బంది అలసత్వాన్ని నిందించడం సులభమే. కానీ ఒక ట్రాక్టరు తొట్టెను నింపే కొమ్మల కుప్పలో అధికభాగం గాలి. దానిని తరలించడమంటే ప్రధానంగా గాలిని మోయడమే. అసలు చిక్కు బరువుది కాదు, పరిమాణానిది. చిప్పర్ మొదట పరిష్కరించేది ఈ చిక్కునే.

2. యంత్రం పనిచేసే తీరు

చిప్పర్లలో డిస్కు రకం, డ్రమ్ము రకం అని రెండు ముఖ్యమైనవి. మొదటిదానిలో బరువైన ఇనుప చక్రానికి కత్తులు బిగించి ఉంటాయి. లోనికి వచ్చిన కొమ్మ, కత్తికీ దాని ఎదుట కదలకుండా నిలిచిన ఉక్కుపట్టీకీ నడుమ తెగుతుంది. చక్రం రేపే గాలి ఆ తునకలను గొట్టం గుండా బయటికి విసురుతుంది. రెండవదానిలో కత్తులు పీపా ఆకారపు దిమ్మెపై ఉంటాయి. చిన్న యంత్రాలు విద్యుత్ మోటారుతోనో పెట్రోలు ఇంజనుతోనో నడుస్తాయి. కొంచెం పెద్దవాటిని ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టుకు తగిలిస్తారు. ష్రెడ్డర్ వేరు. అది కోయదు, సుత్తెల వంటి పలకలతో చితక్కొడుతుంది. ఆకులకు, మెత్తని రెమ్మలకు అది చాలును. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల కొనుగోలు వేళ పొరపాట్లు జరుగుతుంటాయి.

పచ్చి కొమ్మ ఎండుకొమ్మ కంటే హాయిగా తెగుతుంది. ఎండినది కత్తులను మొద్దుబారుస్తుంది, దుమ్ము రేపుతుంది. కనుక కొట్టిన వెంటనే, ఆలస్యమైతే కొద్దిరోజులలోపు, పని ముగించడం మేలు. కత్తి పదును తగ్గిందనడానికి గుర్తు బయటపడే పదార్థమే. అంచు తేరిన తునకలకు బదులు పీచు, పొట్టు రావడం మొదలవుతుంది. రోడ్డు పక్క చెట్లకు ప్రకటన బోర్డులు కొట్టిన మేకులు కత్తులకు బద్ధశత్రువులు. కొబ్బరి, తాటి మట్టలది మరో బెడద. వాటి పీచు తెగకుండా సాగి ఇరుసుకు చుట్టుకుంటుంది. అలాంటివాటిని సాధారణ చిప్పర్‌లో వేయకుండా ఉండడమే మంచిది.

3. మొద్దుకు, రెమ్మకు తేడా

నేలలోని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తినేటప్పుడు వాటికి కార్బన్‌తో పాటు నత్రజని కూడా అవసరం. కంపోస్టు కుప్ప చక్కగా మాగడానికి ఈ రెండింటి నిష్పత్తి సుమారు 30:1 ఉండాలి. లావు మొద్దు కలపలో అది 400:1 ప్రాంతంలో ఉంటుంది. దీని అర్థం చిన్న లెక్కతో తేలిపోతుంది. 100 కిలోల పొడి కలపలో దాదాపు 50 కిలోల కార్బన్ ఉంటుందనుకుంటే, నత్రజని 125 గ్రాములే. నిష్పత్తిని 30:1కి తేవడానికి 1,670 గ్రాములు కావాలి. లోటు ఒకటిన్నర కిలోలకు పైమాటే. యూరియాలో నత్రజని 46 శాతం కనుక, ఈ లోటు మూడుంపావు కిలోల యూరియాతో సమానం. ఈ తునకలను దుక్కిలో కలిపితే సూక్ష్మజీవులు తమ లోటును మట్టిలోని నత్రజనితో పూడ్చుకుంటాయి, పైరు పసుపుబారుతుంది. చెక్కపొట్టు వేస్తే నేల చెడిపోతుందన్న మాటకు మూలం ఇదే. అందులో నిజం ఉన్నది. కానీ అది అన్ని కొమ్మలకూ వర్తించే నిజం కాదు.

సన్న రెమ్మలో కలప పాలు తక్కువ. బెరడు, మొగ్గ, ఆకు, ఇంకా పెరుగుతున్న కణజాలం ఎక్కువ. చెట్టు నత్రజని, భాస్వరం, పొటాష్‌లను మొద్దు నడిమి చేవలో దాచుకోదు. పెరుగుతున్న కొనలకు పంపుతుంది. రెమ్మల నిష్పత్తి 60:1 అనుకుంటే, పై లెక్కలోని నత్రజని 125 గ్రాముల నుండి 830 గ్రాములకు పెరుగుతుంది, లోటు దాదాపు సగానికి తగ్గుతుంది. కెనడాలోని క్యుబెక్‌లో లావాల్ విశ్వవిద్యాలయానికి చెందిన జిల్ లెమ్యూ, ఆయన సహచరులు ఈ అంశంపైనే దీర్ఘకాలం పనిచేశారు. 7 సెంటీమీటర్ల కంటే సన్నని కొమ్మల తునకలకు వారు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు. అది చలిదేశపు అడవుల అనుభవం. మన ఎండకు, తేమకు తునకలు అంతకంటే త్వరగా శిథిలమవుతాయి కాబట్టి వారి మోతాదులను యథాతథంగా తెచ్చుకోనక్కరలేదు. సూత్రం మాత్రం ఇక్కడికీ చెల్లుతుంది. బజారు విలువ, నేల విలువ ఇక్కడ తలకిందులుగా ఉన్నాయి.

4. తునకల వినియోగం

అన్నిటికంటే తేలికైన మార్గం ఆచ్ఛాదన. ప్రకృతి వ్యవసాయం పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు రైతులకు కూడా పరిచితమే. తునకలను మట్టిలో కలపకుండా పైపైన 5 నుండి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే, నత్రజని లోటు తునకలు మట్టిని తాకే పలుచని పొరకే పరిమితమవుతుంది. లోతుకు వేళ్ళు దిగిన చెట్లకు దానివల్ల నష్టం లేదు. ఆకుకూరల మడికి, లేత నారుకు ఇది తగదు. వాటి వేళ్ళు ఉండేది ఆ పొరలోనే. మొదలు చుట్టూ జానెడు మేర ఖాళీగా వదలాలి, లేకుంటే బెరడు చెమ్మకు కుళ్ళుతుంది. తేమ త్వరగా ఆరిపోయే ఎర్రనేలల్లో ఆచ్ఛాదన ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ పొర మరీ మందమైతే చిరుజల్లును అదే పీల్చుకుంటుంది, నీరు మట్టికి చేరదు. చెదల భయం ఉన్నచోట గోడల పక్కన పరచకపోవడం ఉచితం.

కంపోస్టు చేయదలిస్తే పేడ, కోసిన పచ్చిగడ్డి, గ్లిరిసీడియా ఆకు వంటి నత్రజని గల పదార్థాలను జతచేయాలి. పచ్చి తునకల కుప్ప కొద్దిరోజుల్లోనే 60 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కగలదు. తెగులు సోకిన కొమ్మల విషయంలో ఈ వేడి మేలే చేస్తుంది. కానీ ఎత్తుగా పోసి మరచిపోయిన కుప్ప తనంతట తానే అంటుకునే ప్రమాదమున్నది. గన్నేరు తునకలను వేరుగా ఉంచి, పశువులకు, మేకలకు అందకుండా చూడాలి. ఎండినా దాని విషగుణం పోదు.

పొలాల్లో పత్తికట్టెల సమస్యకూ ఇదే పరిష్కారం వర్తిస్తుంది. గులాబీరంగు పురుగు కట్టెలకు మిగిలిన కాయల్లో తలదాచుకుంటుంది. కట్టెలను ముక్కలు చేయడం వల్ల దాని ఆవాసం చెదురుతుంది, కాల్చే అవసరమూ తప్పుతుంది. అది ప్రత్యేకంగా చర్చించదగిన అంశం.

5. భద్రత

1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తన నిర్వచనంలో నూర్పిడి యంత్రాన్ని పేరు పెట్టి చెప్పింది. నూర్పిళ్ళలో చేతులు పోగొట్టుకున్న రైతుల గోడే దాని నేపథ్యం. చిప్పర్ స్వభావమూ అటువంటిదే. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1999లోనే ఈ యంత్రంపై ప్రత్యేక హెచ్చరిక వెలువరించింది. కొమ్మను లోనికి లాగే వేగం, మనిషి తేరుకుని చేయి వదిలే వేగం కంటే ఎక్కువ. అందుచేత మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ, లుంగీ, వదులు చేతి తొడుగులు ధరించి దాని దగ్గర పనిచేయరాదు. కొమ్మ మొదటి భాగాన్ని ముందుగా పెట్టి, నోటికి ఎదురుగా కాక పక్కన నిలబడి అందించాలి. చిన్న ముక్కలను చేతితోగాని కాలితోగాని తోయకుండా పొడవాటి కర్రతోనే నెట్టాలి. కళ్ళద్దాలు, చెవి రక్షణ లేకుండా గంటల తరబడి పనిచేయించడం తోటమాలులకు చేసే అన్యాయం. పూటకూలికి వచ్చినవారిని శిక్షణ లేకుండా యంత్రం ముందు నిలబెట్టే అలవాటును ప్రాంగణాల యాజమాన్యాలు మానుకోవాలి. ఇరుక్కున్న కొమ్మను తీయడానికి మోటారు ఆపిన వెంటనే మూత తెరవరాదు. బరువైన చక్రం ఆ తరువాత కూడా కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచి, విద్యుత్ తీగను ఊడదీసిన తరువాతే చేయి లోపలికి పోవాలి.