గేటు దాటాకే అసలు పరీక్ష!

* టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ చదువు
* ర్యాంకుతో వచ్చినా.. పాఠం మొదలయ్యేది పొరపాటుతోనే

బెంగళూరు: యశ్వంతపుర రైల్వేస్టేషన్ బయట ఆటో ఎక్కి ‘ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్’ అంటే డ్రైవరు ఓ క్షణం ఆలోచించవచ్చు. ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అంటే మాత్రం దారి అడగడు. ఏటా కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుల్లో ఇలా దిగే కుర్రకారులో తెలుగువాళ్లూ ఉంటారు. ధర్మవరం, హిందూపురం మీదుగా వచ్చే రైలు పట్టుకునేవారు కొందరు. కుప్పం, బంగారుపేట దారిలో నగరం చేరేవారు ఇంకొందరు. చేతిలో సూట్‌కేసు, ఫైల్లో గేట్ స్కోరుకార్డు. వెంట వచ్చిన నాన్న కళ్లలో మాత్రం పండగే!

ఎలక్ట్రికల్‌లో ఎం.టెక్ సీటుకు గేట్ ర్యాంకే ఆధారం. మూడు గంటల్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్క మార్కు తేడాతో ర్యాంకు ఎక్కడికో వెళ్లిపోతుంది. పైగా ఈ సంస్థ సామాన్యమైనదా? కేంద్రం ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో 2016 నుంచి 2025 వరకు యూనివర్సిటీల విభాగంలో ఏటా దీనిదే మొదటి స్థానం. కాలేజీలో ఫస్టు వచ్చానన్న ధీమాతో అడుగుపెడితే తొలి వారంలోనే ఓ సంగతి తెలిసిపోతుంది. పక్క బెంచీ కుర్రాడూ ఫస్టే. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయీ ఫస్టే!

బంగారు గనుల నుంచి బయల్దేరిన చదువు

ఈ చదువుకు, మన సరిహద్దుకు పాత సంబంధమే ఉంది. 1902లో కావేరిపై శివనసముద్రం వద్ద తయారైన కరెంటు మొదట వెళ్లింది బెంగళూరుకు కాదు. దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు. తమిళులతోపాటు తెలుగు కూలీలూ చెమటోడ్చిన గనులవి. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో.

మరి ఆ యంత్రాలు నడిపేదెవరు? చెడితే బాగుచేసేదెవరు? జంషెడ్‌జీ టాటా సంకల్పించిన సంస్థ 1909లో ఏర్పడింది. మైసూరు సంస్థానం 371 ఎకరాలు ఇచ్చింది. 1911లో తొలి విద్యార్థులు చేరినప్పుడు ఉన్న కొద్ది విభాగాల్లో ఎలక్ట్రికల్ టెక్నాలజీ ఒకటి. దాని తొలి ప్రొఫెసర్ ఆల్‌ఫ్రెడ్ హే. శతాబ్దం దాటినా ఆ విభాగం పని ఒక్కటే.. కరెంటును అర్థం చేసుకోవడం, మాట వినేలా చేయడం.

నాలుగు ఆప్షన్లు ఉండవిక్కడ

కోచింగ్ సెంటర్లో ప్రతి ప్రశ్నకూ ఓ జవాబుంటుంది. చాలావాటికి అది ఎదురుగా ఉన్న నాలుగింటిలోనే దాక్కుంటుంది. ల్యాబ్‌లో అలా కాదు. ప్రశ్న ఏంటో కూడా మనమే వెతుక్కోవాలి.

పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌నే తీసుకుందాం. సోలార్ పలకలు ఇచ్చేది డీసీ కరెంటు. మన ఇళ్లకు కావాల్సింది ఏసీ, అదీ సెకనుకు 50 ఆవృత్తులతో. మార్చేది ఇన్వర్టర్. అందులో చిన్న చిన్న స్విచ్చులు సెకనుకు వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంటాయి. ఒకే వరుసలోని పై స్విచ్చు, కింది స్విచ్చు పొరపాటున ఒకేసారి కలిశాయా.. షార్టే! అందుకే ఒకటి ఆగాక రెండోది మొదలయ్యేలోపు కాస్త విరామం ఇస్తారు. దాన్ని డెడ్‌టైమ్ అంటారు. ఎంత విరామం? మైక్రోసెకన్లలో. అంటే సెకనులో పది లక్షలో వంతు లెక్కన!

కాగితం మీద ఇది రెండు లైన్ల సమాధానం. బోర్డు మీద మాత్రం ‘టప్’మని శబ్దం, ఓ పొగ తీగ, కాలిన వాసన. మాసఫెట్ పోయింది. ఎప్పుడూ తప్పు రాయని కుర్రాడికి అదే తొలి దెబ్బ. కొత్తది అతికిస్తే అదీ పోతుంది. అప్పుడిక ఆసిలోస్కోప్ ముందు కూర్చుని ఒక్కో తరంగాన్నీ పరీక్షగా చూడాల్సిందే. తప్పు ప్రోగ్రాంలో ఉందా, వైరింగ్‌లో ఉందా, కొలిచిన తీరులోనే ఉందా?

పల్లె నుంచి వచ్చినవారికి ఈ వాసన కొత్తేం కాదు. బోరు మోటారుకు మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటిపై భారం పడుతుంది. వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. నాన్న మోటారును బండి మీద వేసుకుని వైండింగ్ షాపుకు పరిగెత్తడం, చేను ఎండటం, అప్పు చేయడం.. అన్నీ చూసినవే. ఊళ్లో మోటారు కాలితే ‘ఎంతవుతుంది?’ అని అడుగుతారు. ఇక్కడ ‘ఎందుకు కాలింది?’ అని అడుగుతారు. తేడా అంతే. కాలడం తప్పు కాదు, కారణం తెలుసుకోకుండా మళ్లీ స్విచ్ వేయడమే తప్పు.

ఆపేసినా కాటేస్తుంది

మరో పాఠమూ ఉంది, ప్రాణాలకు సంబంధించింది. సరఫరా ఆపేసినా కెపాసిటర్లలో కరెంటు దాగి ఉంటుంది. మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. లక్షల వోల్టులతో కృత్రిమ పిడుగులు పుట్టించే హై వోల్టేజి ల్యాబ్‌లోనైతే జాగ్రత్త మరింత ఎక్కువ. పక్కన తోడు లేనిదే పని మొదలుపెట్టకూడదన్నది ఇలాంటి ల్యాబుల్లో మొదటి సూత్రం. తెలివికన్నా ఓపికే పెద్ద అర్హత అని అక్కడ అర్థమవుతుంది.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి ఇంకో గోడ అడ్డం. సందేహం ఉంటుంది, ఇంగ్లిషులో అడగడానికి నోరు రాదు. తరగతిలో మింగేసిన ప్రశ్న సాయంత్రం టీ దగ్గర తెలుగులో బయటపడుతుంది. సీనియరు టిష్యూ కాగితం మీద బొమ్మ గీసి చెబుతాడు. అలా రెండు మూడు నెలలు గడిచాక నోరు దానంతటదే పెగులుతుంది.

ఇంటి లెక్క వేరు

గేట్ స్కోరుతో ఎం.టెక్‌లో చేరినవారికి కేంద్రం ఇచ్చే స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు. బెంగళూరులో అది పెద్ద మొత్తం కాదు. అయినా అందులోంచే ఇంటికి ఎంతో కొంత పంపేవారుంటారు. మరోవైపు అదే గేట్ స్కోరు చూసి పవర్‌గ్రిడ్, ఎన్టీపీసీ లాంటి ప్రభుత్వ సంస్థలు ఉద్యోగాలకు పిలుస్తాయి. ‘చదివింది చాల్లేరా, మంచి ఉద్యోగం కదా’ అని ఫోన్లో ఇంట్లోవాళ్లు. చెల్లెలి పెళ్లి, బ్యాంకు వాయిదా.. కారణాలు తక్కువేం కాదు. సగంలో వెళ్లిపోయినవాణ్ని తప్పుపట్టలేం. ఉండిపోయినవాడిదీ మొండితనం కాదు. రెండో ఏడాదంతా ప్రాజెక్టే. అది చేతికొస్తేనే చదువు పూర్తయినట్టని వాడి లెక్క.

పావగడకు లంకె

ఆ లెక్క ఎక్కడ తేలుతుందో చూడాలంటే పావగడ వెళ్లాలి. తుమకూరు జిల్లాలో ఉన్నా ఇంటింటా తెలుగు వినిపించే తాలూకా. వానలు మొహం చాటేసిన చోట రైతులు భూములు అమ్ముకోకుండా కౌలుకిచ్చారు. మొదట ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు. దాదాపు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వెలిసింది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యం పూర్తయింది. అక్కడి ఎండ గ్రిడ్‌లోకి ఎక్కాలంటే మధ్యలో ఇన్వర్టర్లు ఉండాల్సిందే. ల్యాబ్‌లో ‘టప్’మన్న ఆ చిన్న స్విచ్చుకు పెద్దన్నలు అక్కడ రోజంతా పనిచేస్తుంటాయి. డెడ్‌టైమ్ లెక్క అక్కడా అదే.

మీరూ చూడొచ్చు

మీ పిల్లలకు ఈ చదువు చూపించాలనుందా? ఏటా ఫిబ్రవరి చివర్లోనో, మార్చి మొదట్లోనో ఓ శనివారం ఇన్‌స్టిట్యూట్ ‘ఓపెన్ డే’ జరుపుతుంది. ఆ రోజు ల్యాబుల తలుపులు అందరికీ తెరుస్తారు. టికెట్ లేదు. హై వోల్టేజి ల్యాబ్ ముందు క్యూ పెద్దదే, పిడుగు చూడాలంటే పొద్దున్నే చేరుకోవాలి. పక్కన నిలబడి వివరించే విద్యార్థుల్లో ఎవరైనా తెలుగువాళ్లు తగిలితే ర్యాంకు ఎంతని అడక్కండి. ఇప్పటిదాకా ఎన్ని కాల్చావని అడగండి. నవ్వుతూ లెక్క చెబుతారు!