పాస్‌పోర్టులో ఆ ముద్ర లేదా? అయితే ఇది చదవండి

బోధన్ నుంచి వర్ని వైపు వెళ్తుంటే కొన్ని ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని కనిపిస్తుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా నుంచి వచ్చి ఇక్కడ సాగు మొదలుపెట్టిన రైతుల జాడ అది. తర్వాత శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు. బతుకుదెరువు కోసం జనం ఇక్కడికి వచ్చిన రోజులవి.

ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు పోయిన చోట వరి వచ్చింది. కోతలు హార్వెస్టర్లే కానిచ్చేస్తున్నాయి. నిజామాబాద్‌లో 2023లో ఐటీ హబ్ తెరిచారు, మంచిదే. కానీ డిగ్రీ అయిపోయిన అందరికీ అందులో సీటు దొరకదు కదా! హైదరాబాద్ హాస్టల్ ఖర్చు భరించలేనివాళ్లు చివరికి గల్ఫ్ ఏజెంటు దగ్గరే తేలుతున్నారు.

వెళ్లొద్దని చెప్పను. మన జిల్లాలో ఎన్నో ఇళ్లు ఆ డబ్బుతోనే లేచాయి. కానీ చదువుకున్నవాళ్లకు ఇక్కడో చిక్కుంది. పది పాసు కాకపోతే సాధారణంగా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. వాళ్ల కాంట్రాక్టును ప్రభుత్వం ఒకసారి చూస్తుంది. మీరు పది దాటారు కాబట్టి మీకు ఆ ముద్ర ఉండదు, ఆ తనిఖీ కూడా ఉండదు. గొప్పగానే అనిపిస్తుంది. కానీ మీ కాగితాలు చూసుకోవాల్సింది ఇక మీరే.

కాబట్టి ఏజెంటు లైసెన్స్ నంబరు అడగండి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. లైసెన్స్ ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షల్లో అడుగుతున్నాడంటే అక్కడే ఆగిపోండి. "ముందు విజిట్ వీసా మీద పొండి, అక్కడ మారుస్తాం" అంటే అసలే ఒప్పుకోవద్దు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. దొరికితే జరిమానా కట్టేది మీరు, ఏజెంటు కాదు.

టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వానికే విదేశీ ఉద్యోగాల సంస్థ ఒకటుంది. అప్పు చేసి ఏజెంటుకు అడ్వాన్సు కట్టే ముందు అక్కడ పేరు నమోదు చేసుకోండి. జపాన్, జర్మనీ లాంటి దేశాల ఉద్యోగాలకూ అక్కడ ప్రకటనలు వస్తుంటాయి.