పన్నెండు లక్షల చెవులకు ఒకే పాట

1973 జూలై 28న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, వాట్కిన్స్ గ్లెన్ మోటారు పందేల మైదానంలో మూడు సంగీత బృందాలు కచేరీ చేశాయి. వినవచ్చినవారు సుమారు ఆరు లక్షలమందని అంచనా. వేదిక దగ్గరున్నవారికి పాట వినిపించడం సులభమే. దూరాన ఉన్నవారి మాటేమిటి?

వేదిక మీది స్పీకర్ల హోరు పెంచితే ముందున్నవారి చెవులు చిల్లులు పడతాయి. అందుచేత ఇంజనీర్లు 200, 400, 600 అడుగుల దూరాల్లో స్పీకర్ల టవర్లు నిలబెట్టారు. దానితో కొత్త చిక్కు వచ్చిపడింది. తీగలోని విద్యుత్తు రెప్పపాటులోపే టవరును చేరుతుంది. గాలిలో ధ్వనికి 200 అడుగులు దాటడానికే సెకండులో ఆరో వంతు పైగా పడుతుంది. అలా వదిలేస్తే ఒకే పదం రెండుసార్లు వినిపించి పాట కలగాపులగమవుతుంది. అందుకని ఈవెంటైడ్ కంపెనీ తయారుచేసిన డిజిటల్ యంత్రాలతో సంకేతాన్ని మొదటి టవర్లకు 175, రెండవ వరుసకు 350, మూడవ వరుసకు 525 మిల్లీసెకండ్లు ఆలస్యంగా పంపారు.

దీనికి తోడ్పడే మరో రహస్యాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ హాస్ 1949లోనే వివరించాడు. ఒకే ధ్వని రెండు దిక్కుల నుంచి స్వల్ప తేడాతో వస్తే, మనసు ముందు వచ్చిన దిక్కునే నమ్ముతుంది. కనుక టవరు ధ్వనిని లెక్కకంటే పది, పదిహేను మిల్లీసెకండ్లు అదనంగా ఆపితే, పక్కనున్న టవరే బిగ్గరగా మోగుతున్నా, పాట వేదిక నుంచే వస్తున్నట్లు తోస్తుంది.

ఇక రెండవ శత్రువు వేడిమి. చిరకాలం కచేరీలలో వాడిన ఏబీ తరగతి యాంప్లిఫయర్లు తాము తీసుకున్న విద్యుత్తులో పెద్ద భాగాన్ని వేడిగా పోగొట్టుకునేవి. విచిత్రమేమంటే, వాటి ట్రాన్సిస్టర్లు అత్యధికంగా కాగేది పూర్తి బలంతో పనిచేసేటప్పుడు కాదు, సుమారు 40 శాతం బలం వద్ద. అల్యూమినియం రెక్కలు, ఫాన్లు ఆ వేడిని బయటికి తోస్తాయి. గాలి పోయే దారి దుమ్ముతో మూసుకుపోతే రక్షణ సర్క్యూట్ యంత్రాన్ని ఆపివేస్తుంది. పాట మధ్యలో టవరు మూగబోతుంది. నేటి డీ తరగతి యాంప్లిఫయర్లు దాదాపు 90 శాతం విద్యుత్తును స్పీకరుకే అందించగలవు. ఆలస్యాన్ని నియంత్రించే చిప్ కూడా చాలావాటిలో అదే పెట్టెలో ఉంటుంది.

కాని వేడిమి ప్రభావం పెట్టెతో ఆగదు. గాలి వెచ్చబడితే ధ్వని వేగం పెరుగుతుంది: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకండుకు 343 మీటర్లు, 40 డిగ్రీల వద్ద 355 మీటర్లు. వంద మీటర్ల దూరాన ఆ తేడా సుమారు పది మిల్లీసెకండ్లు. హాస్ సూత్రం కోసం అదనంగా ఉంచిన వ్యవధి కూడా ఇంచుమించు అంతే! మండుటెండలో సరిచేసిన లెక్క, గాలి చల్లబడిన రాత్రివేళ చాలదు. వేదిక ధ్వని వెనుకబడి, పాట టవరు నుంచే వస్తున్నట్లు వినిపిస్తుంది. అందుకే అనుభవజ్ఞుడైన ఇంజనీరు చీకటి పడ్డాక చివరి వరుస దాకా నడిచి వెళ్ళి, తన చెవులతో విని, లెక్కను మళ్ళీ సరిచేస్తాడు.