నీళ్ళు లేని నూరు మైళ్ళు

సాహసయాత్ర అనగానే మనకు హిమాలయాలే గుర్తుకొస్తాయి. ఎడారిలో సైకిలు తొక్కటం కూడా సాహసమేనంటే మనవాళ్ళు నవ్వుతారు. సైకిలంటే కాలేజీకి వచ్చే వాహనం గదా! అమెరికాలోని యూటా రాష్ట్రంలో మాత్రం ఇందుకోసమే ఏటా ఎందరో వస్తుంటారు.

అక్కడ కొలరాడో, గ్రీన్ నదులు కలిసేచోట, 1964లో ఏర్పడిన కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ వనం ఉంది. వనమన్నారని చెట్లు ఊహించుకోకండి, అంతా ఎర్రరాయి. ఎత్తయిన పీఠభూమికీ, అడుగున పారే నదులకూ నడుమ అరుగులాగా తెల్లని ఇసుకరాతి పొర ఒకటి ఉంది. దానిమీద సాగేదే వైట్ రిమ్ బాట. చుట్టూ తిరిగివస్తే సుమారు 100 మైళ్ళు. 1950లలో యురేనియం వెతకటానికి అణుశక్తి సంఘం వేయించిన దారి ఇది. ఆ చుట్టుపక్కల యురేనియం దొరికింది స్వల్పమే. దారి మాత్రం మిగిలింది. తారు లేదు, దుకాణం లేదు, తాగటానికి నీటిచుక్క లేదు. పైనుంచి దిగేటప్పుడు షేఫర్ మలుపుల్లో వెయ్యి అడుగులకు పైగా లోతుకు జారాలి. బ్రేకులు సరిగా లేని సైకిలుతో అక్కడ అడుగు పెట్టకూడదు.

ఇందుకు వాడే సైకిలు వేరు. టైర్లు లావు, గేర్లు ఎక్కువ. లోతు ఇసుక తగిలినప్పుడు టైర్లలో గాలి కొంచెం తీస్తారు. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడకుండా పోతుంది. అన్నట్టు ఆ ప్రాంతంలో సైకిళ్ళకు పెద్ద శత్రువు ఎవరనుకున్నారు? మన పల్లేరు కాయే! ఖండాలు దాటి అక్కడికీ చేరిపోయింది.

బాట వదలి పక్కకు తొక్కటం నిషేధం. కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. నల్లగా, గరుకుగా కనిపించే ఆ నేల ప్రాణమున్న నేల. కంటికి కనపడని సూక్ష్మజీవులు దారాల్లాగా అల్లుకుని ఇసుకను పట్టి ఉంచుతాయి, గాలిలోని నత్రజనిని మొక్కలకు అందిస్తాయి. ఒక్క టైరు గీత పడితే ఆ పొర మళ్ళీ కోలుకోవటానికి ఏళ్ళు, ఒక్కోచోట దశాబ్దాలు పడుతుంది.

ఇక అసలు సంగతి నీళ్ళు. మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు. సైకిలు మీద ఈ చుట్టు తిరగటానికి సాధారణంగా మూడు నాలుగు రోజులు. అంటే నాలుగు రోజులకు ఒక్కొక్కరికి పదహారు కిలోల బరువు! అందుకే చాలామంది వెంట ఒక జీపును తెచ్చుకుంటారు. మన కోస్తా ఉక్కపోతలో చెమట చొక్కాకంటుకుని తన లెక్క తానే చెబుతుంది. ఎడారి పొడిగాలిలో పుట్టిన చెమట పుట్టినట్టే ఆవిరవుతుంది. ఒళ్ళు తడవదు గనక నష్టం తెలియదు. తెలిసేసరికి తలనొప్పి, తడబాటు, ఆపైన దారి గుర్తుపట్టే తెలివి కూడా తప్పిపోతుంది. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగినా ప్రమాదమే. ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ తాగించే మన అమ్మమ్మలకు ఈ శాస్త్రం ఎవరు చెప్పారో!

కాలిబాటల్లో సైకిళ్ళకు ప్రవేశం లేదు, అక్కడ నడవాల్సిందే. రాళ్ళు పేర్చిన చిన్న చిన్న గుట్టలే దారి గుర్తులు. అలాంటిదే సింక్లైన్ బాట. ఉన్నది ఎనిమిది మైళ్ళే గానీ, ఆ వనంలో రక్షక బృందాలు ఎక్కువగా పరుగెత్తేది దానికోసమే. 2024 జులైలో ఒక తండ్రీ కూతురూ అక్కడ దారి తప్పారు. ఎండ వంద ఫారన్‌హీట్ డిగ్రీలు దాటింది. తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. సహాయం కోసం ఫోనులో సందేశం పంపగలిగారు కూడా. వెతుకుతూ వెళ్ళినవాళ్ళు చేరేసరికి ఇద్దరూ ప్రాణాలతో లేరు.

అందుచేత తెలిసినవాళ్ళు వేసవిలో అటు వెళ్ళరు. మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి అక్టోబరు మంచికాలం. వైట్ రిమ్ మీద ఒక్కరోజు తొక్కాలన్నా ముందుగా అనుమతి చీటీ తీసుకోవాలి. తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నం రాతి నీడన ఆగిపోతారు. ఎంతదూరం వచ్చామన్నది చూడరు, సీసాలో నీళ్ళు సగానికి వచ్చాయంటే అక్కణ్ణించే వెనక్కి తిరుగుతారు.