ఆగండి సార్, లెక్క తగ్గింది

ఆపరేషన్ థియేటర్‌లో స్క్రబ్ నర్సు పనిలో సగం లెక్కపెట్టడమే. కడుపు కోయకముందు మాప్‌లు, అంటే రక్తం పీల్చే గుడ్డలు, లెక్కపెట్టి బోర్డు మీద రాయిస్తాం. రక్తంతో తడిసి బయటికొచ్చినవాటిని విడదీసి, ఐదేసి చొప్పున పరుస్తాం. కుట్లు వేసేముందు మళ్లీ లెక్క. ఒక్కటి తగ్గితే చెత్తబుట్ట కుమ్మరించి, మత్తు డాక్టరు కాళ్ల దగ్గర కూడా వెతుకుతారు. అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే. అందులో కనబడే దారం మాప్‌లో ఉండేది అందుకే.

ఈ లెక్క నిజంగా పనికిరావాలంటే నాలాంటిది పెద్ద సర్జన్‌తో ‘‘ఆగండి సార్’’ అనగలగాలి. ఆసుపత్రి క్వాలిటీ అంటే నా దృష్టిలో ముందు అదే. మావాళ్లకి మాత్రం ఫైళ్లు గుర్తొస్తాయి. తనిఖీ బృందం వస్తోందంటే చాలు, నెలల కిందటి రిజిస్టర్లన్నిటికీ ఒకే పెన్నుతో సంతకాలు పడిపోతాయి. నేను పనిచేసిన ఒకచోట డ్యూటీలో లేని రోజుకీ సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నందుకు కొన్నాళ్లు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

నర్సు ‘ఆగండి’ అనగలిగితే ఏమవుతుందో తెలియాలంటే, అమెరికాలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే ఐసీయూ డాక్టరు సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఇన్ఫెక్షన్ల మీద చేసిన పని చూడండి. చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, పేషెంటును పూర్తిగా స్టెరైల్ గుడ్డతో కప్పడం, వీలైనంతవరకు తొడ దగ్గర గుచ్చకపోవడం, అక్కర్లేని లైను తీసేయడం. ఇంతే, అయిదు పనులు. ఇందులో ఏ డాక్టరుకి తెలియనిది ఉంది? కానీ ఆయన సామానంతా ఒక బండిలో సర్దించాడు. డాక్టరు ఒక మెట్టు దాటేస్తే ఆపే అధికారం నర్సుకిప్పించి, వెనక యాజమాన్యాన్ని నిలబెట్టాడు. మిషిగన్ రాష్ట్రంలో నూటికి పైగా ఐసీయూల్లో ఇదే చేస్తే, వెయ్యి లైను రోజులకు 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు మూడు నెలల్లో సున్నాకొచ్చింది. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టుదీ ఇదే దారి. మత్తుకి ముందు, కోతకి ముందు, పేషెంటు థియేటర్ దాటకముందు ఆగి సరిచూసుకోవాలి. పేరు, ఆపరేషను, కుడా ఎడమా అని పదేపదే అడిగితే ‘‘ఎన్నిసార్లు చెప్పాలమ్మా?’’ అని బంధువులు విసుక్కునేది దీనికే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే సర్జరీ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి.

అలాంటి చెక్‌లిస్టు ఎంతవరకు పాటిస్తున్నారో లెక్క చెప్పడాన్ని కెనడాలోని ఒంటారియోలో 2010లో ఆసుపత్రులకి తప్పనిసరి చేశారు. దాదాపు అన్నీ పాటిస్తున్నామనే లెక్క పంపాయి. 2014లో వచ్చిన అధ్యయనం చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. టిక్కు పెట్టడానికి ఎవరూ ఆగక్కర్లేదుగా!

మన ప్రభుత్వాసుపత్రులకు ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. వాటిలో నాకు నచ్చింది, అసెసర్లు రికార్డులతో సరిపెట్టుకోకుండా సిబ్బందినీ పేషెంట్లనీ అడగడం. లేబర్ రూముల కోసం 2017లో లక్ష్య పథకమూ వచ్చింది. అయితే ఉత్తరప్రదేశ్‌లో కాన్పుల చెక్‌లిస్టు మీద జరిగిన పెద్ద అధ్యయనం మరచిపోకూడదు. పక్కన ఉండి నేర్పేవాళ్లు వచ్చినన్నాళ్లు పద్ధతులు బాగా మెరుగుపడ్డాయి, వాళ్ల రాక ఆగాక కొంత జారాయి. తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదు. రక్తం, మందులు, చేయితిరిగిన మనిషి సమయానికి లేకపోతే కాగితం ఏం చేస్తుంది? రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరే ముగ్గురికి కాన్పు చూడాల్సిన చోట నన్ను సలహా అడిగితే, చెక్‌లిస్టు కంటే ముందు ఇంకో నర్సు పోస్టు అడుగుతాను.